అప్‌డేట్: శ్రీకాకుళంలో వానరోజు, చివరికి ఏం చూశామంటే

ట్రిప్ ఆఖరి రోజు, ఆగని వాన, మోకాళ్ల నొప్పులతో అమ్మ, ఇద్దరు పిల్లలు. రాత్రి రైలు దాకా శ్రీకాకుళంలో ఏం చూడొచ్చని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

‘పొద్దున్నే అరసవల్లి సూర్యదేవాలయం, తర్వాత శ్రీకూర్మం గుడి’ అన్నవారి సలహానే పనికొచ్చింది. శ్రీకూర్మంలో రాతి స్తంభాల మండపం ఉంది కాబట్టి తడవకుండా ప్రదక్షిణ చేశాం. గోడల మీది పాత రంగుల చిత్రాల దగ్గర నుంచి అమ్మ కదల్లేదు, తాబేళ్ల దగ్గర నుంచి పిల్లలు కదల్లేదు.

కొండ మీది పాత బౌద్ధ స్థలం శాలిహుండం మానేశాం, తడిసిన కొండ ఎక్కడం అమ్మ వల్ల కాదు. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకడం చూడలేమేమోనని నేను పడ్డ టెన్షన్ దండగ. అది మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులే. మేం వెళ్లింది ఆగస్టులో!

రైలెక్కేవాళ్లకు ఒక మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. వానలో ఆటో దొరకడానికే మాకు అరగంట పట్టింది.