విల్లీ మిల్లర్ గొప్పతనాన్ని దేనితో కొలవాలి?

ప్రశ్న

నేను నాలుగేళ్లుగా అబర్డీన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఊరిలో అరవై దాటినవారితో ఫుట్‌బాల్ మాట ఎత్తితే అప్పటి మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ పేరు ఎంత తొందరగా వస్తుందో, విల్లీ మిల్లర్ పేరూ అంతే తొందరగా వస్తుంది. 1973 నుంచి 1990 వరకు ఒకే క్లబ్‌కు, ఈ ఊరి అబర్డీన్‌కే, 797 మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్ అనీ, స్కాట్లండ్ జట్టుకు 65 సార్లు ఆడారనీ తెలుసుకున్నాను. అయితే దొరికిన పాత వీడియోలన్నీ చూసినా నాకు గోల్స్ కనిపించాయి గానీ ఆయన కనిపించలేదు. ఆయన మరీ పొడగరి కాదు, మెరుపు వేగం ఉన్నవారూ కాదు. మరి అదే జట్టులో రక్షణలో పక్కనున్న మెక్లీష్ కంటే, మిడ్‌ఫీల్డ్‌లో ముందున్న స్ట్రాకన్ కంటే ఈయన్నే ఎక్కువగా తలచుకోవడానికి కారణమేమిటి? ఆట తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు

మీకు ఆయన కనిపించకపోవడం సహజమే. గోల్ పడిన క్షణాలను ఏరి కూర్చిన వీడియోలో, పడకుండా పోయిన గోల్‌కు చోటుండదు. మిల్లర్ చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ రెండో రకానిదే.

ఆయన మొదట స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాడు. గ్లాస్గోలో పుట్టి, అబర్డీన్‌లో చేరి, 1971-72లో హైలాండ్ లీగ్‌లోని పీటర్‌హెడ్‌కు అరువు మీద వెళ్లి అక్కడ 23 గోల్స్ కొట్టిన కుర్రవాడు. తిరిగి వచ్చాక రిజర్వు జట్టులో ఆయన్ను వెనక్కు, రక్షణ శ్రేణిలోకి జరిపారు. ఆ తరువాతి పదిహేడేళ్ల ఆటకు బీజం అక్కడే పడిందని నేను నమ్ముతాను. బంతి ఏ వైపు వస్తే స్ట్రైకర్ ఏ ఖాళీలోకి పరుగెత్తాలనుకుంటాడో తెలిసినవాడు ఆ ఖాళీలో ముందే నిలబడగలడు. ముందే నిలబడినవాడికి వేగంతో పెద్దగా పని ఉండదు.

రెండో విషయం జోడీ. అలెక్స్ మెక్లీష్ ముందుకు వెళ్లి గాలిలో వచ్చే బంతిని తలతో ఎదుర్కొనేవారు. మిల్లర్ ఒక అడుగు వెనకుండి, ఆ తాకిడి నుంచి జారిన బంతిని అందుకునేవారు. వారి వెనక గోల్‌కీపర్ జిమ్ లేటన్. ఈ ముగ్గురూ క్లబ్‌కూ దేశానికీ కలిసి ఆడడం వల్ల ఒకరి కదలిక మరొకరికి చెప్పకుండానే తెలిసేది. ఇక్కడ ఈ కాలపు ప్రేక్షకులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. 1992కు ముందు, సొంత ఆటగాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టుకోవచ్చు. కాబట్టి ఒత్తిడిలో ఉన్న డిఫెండర్‌కు లేటన్ చేతులే అన్నిటికన్నా భద్రమైన చోటు.

ఆ పని ఎంత సున్నితమైనదో 1983 మే 11న స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో తెలిసింది. యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్, ఎదురుగా డి స్టెఫానో శిక్షణలోని రియల్ మాడ్రిడ్, ఎడతెగని వాన. అబర్డీన్ తరఫున ఎరిక్ బ్లాక్ 7వ నిమిషంలోనే గోల్ కొట్టాడు. కొద్దిసేపటికి మెక్లీష్ వెనక్కిచ్చిన బంతి తడి గడ్డిలో ఆగిపోయింది, లేటన్ మాడ్రిడ్ ఆటగాడు సాంతియానాను పడగొట్టక తప్పలేదు, పెనాల్టీని హువానీతో గోల్‌గా మార్చాడు. ఆ తరువాత దాదాపు వంద నిమిషాలు స్కోరు మారలేదు. అదనపు సమయంలో, 112వ నిమిషంలో అబర్డీన్ ఆటగాడు హ్యూయిట్ తలతో గోల్ కొట్టాక కూడా మాడ్రిడ్‌కు మరొకటి దక్కలేదు. ఆ మ్యాచ్ గురించి అందరూ హ్యూయిట్ గోల్ చెబుతారు. నన్నడిగితే, ఇంత పెద్ద పొరపాటు జరిగినా ఆ రక్షణ శ్రేణి చెదరకుండా నిలబడిన తీరే అంతకంటే గొప్పది. దాన్ని నిలబెట్టినది కెప్టెన్.

వీలైతే పూర్తి మ్యాచ్ పెట్టుకుని, బంతిని వదిలేసి, 6వ నంబర్ చొక్కాను మాత్రమే అనుసరించండి.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. స్కాట్లండ్‌లో టైటిల్ అంటే సెల్టిక్ లేదా రేంజర్స్ అన్న రోజుల్లో, 1955 తరువాత ఒక్కసారీ లీగ్ గెలవని క్లబ్‌కు ఆయన 1975 డిసెంబరులో కెప్టెన్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఆ తరువాత 1980, 1984, 1985లలో మూడు లీగ్ టైటిళ్లు, నాలుగు స్కాటిష్ కప్‌లు, మూడు లీగ్ కప్‌లు, పైన చెప్పిన కప్ విన్నర్స్ కప్, అదే 1983 డిసెంబరులో హాంబర్గ్‌పై సూపర్ కప్ వచ్చాయి. 1985 టైటిల్‌ను ఖాయం చేసినది సొంత మైదానం పిటోడ్రీలో సెల్టిక్‌తో 1-1 డ్రా. అబర్డీన్‌కు దక్కిన ఆ ఒక్క గోల్ మిల్లర్ తలతో కొట్టినదే. పాత స్ట్రైకర్ అవసరానికి మళ్లీ బయటికి వచ్చాడన్నమాట.

మూడో జవాబు

నేను మరో స్కాట్లండ్ క్లబ్ డండీ యునైటెడ్ అభిమానిని. మిల్లర్ విలువను కాదనను, కానీ కప్‌లు లెక్కపెట్టి డిఫెండర్‌ను కొలవడం నాకు నచ్చదు. మా డిఫెండర్ మారిస్ మాల్పస్ 1981 నుంచి 2000 వరకు ఒకే క్లబ్‌కు ఆడారు, దేశానికి 55 సార్లు ఆడారు. 1985, 1987, 1988, 1991 స్కాటిష్ కప్ ఫైనళ్లన్నీ మా జట్టు ఓడిపోయింది. 1987లో యుఈఎఫ్ఏ కప్‌లో బార్సిలోనాను రెండు చోట్లా ఓడించి కూడా చివరకు ఫైనల్‌లో స్వీడన్ క్లబ్ ఐఎఫ్‌కే గోథెన్‌బర్గ్ చేతిలో ఓడాం. 1994లో రేంజర్స్‌పై 1-0తో గెలిచినప్పుడు గానీ మాల్పస్ కెప్టెన్‌గా స్కాటిష్ కప్‌ను ఎత్తలేదు. అంతకుముందు ఓడిన ఏళ్లలో ఆయన ఆట తక్కువదైపోయిందా?

ఇక మిల్లర్ గురించి మాట్లాడుతూ 1982లో స్పెయిన్‌లోని మలగాలో జరిగినదాన్ని దాటవేయడం న్యాయం కాదు. సోవియట్ యూనియన్‌తో ప్రపంచ కప్ మ్యాచ్‌లో ఆయనా మరో స్కాట్లండ్ డిఫెండర్ అలన్ హాన్సెన్ ఒకే బంతి కోసం వెళ్లి ఢీకొన్నారు, సోవియట్ ఆటగాడు షెంగెలియా తేలికగా గోల్ కొట్టాడు, 2-2తో స్కాట్లండ్ ఇంటిదారి పట్టింది. పక్కన మెక్లీష్ లేని రోజు అది. జోడీ గురించి మొదటి జవాబులో చెప్పినదానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తోచదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మలగా సంగతి చదివాకే మొదటి జవాబు నాకు పూర్తిగా అర్థమైంది. 1989 నవంబరులో గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ మైదానంలో నార్వేపై ఆడుతూ మోకాలికి తగిలిన దెబ్బతో ఆయన ఆట ముగిసిందనీ, స్కాట్లండ్ ఆ రాత్రే ఇటలీ ప్రపంచ కప్‌కు అర్హత పొందిందనీ మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పారు. ఆ మాట చెబుతూ ఆయన కాసేపు ఆగిపోయారు. ఈ శనివారం ఆయన ఇంట్లో గోథెన్‌బర్గ్ ఫైనల్ మొత్తం చూడబోతున్నాం. నేను 6వ నంబర్ చొక్కాను చూస్తాను; ఆయన బంతిని చూస్తారట.