గుంటూరు మిర్చి గోడౌన్‌కి ఐపీ కెమెరాలా, హెచ్‌డీ అనలాగా?

మిర్చిగోడౌన్_జీఎన్‌టీ:
అన్నలూ ఒక సలహా చెప్పండి. ఏటుకూరు రోడ్డులో మా గోడౌన్‌కి 8 పాత అనలాగ్ కెమెరాలున్నాయి, త్రీ ప్లస్ వన్ కేబుల్ (వీడియో తీగ, కరెంటు తీగలు కలిసి ఉండేది) లాగించాం. మొన్న రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) తక్కువొచ్చి ఫుటేజ్ తీస్తే మనిషి కనపడుతున్నాడు గానీ ఎవరో తెలీట్లా, జూమ్ చేస్తే అంతా గళ్ళే. ఒకళ్ళేమో మొత్తం పీకేసి ఐపీ (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే కెమెరాలు) వేయమంటున్నారు, ఇంకొకళ్ళు డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), కెమెరాలు మారిస్తే చాలంటున్నారు. గేటు దగ్గర లారీ నంబరు కూడా పడాలి, అది ఆఫీసు రూముకి 150 మీటర్లుంటది.

బెజవాడ_వైర్‌మ్యాన్:
కేబుల్ బాగుంటే పీకొద్దండి. మీ పాతవి మహా అయితే 960×576 పిక్సెల్సే, గళ్ళు రాక ఏమొస్తాయి. ఇప్పుడు టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అనే హెచ్‌డీ అనలాగ్ రకాలన్నీ అదే కేబుల్ మీద 5 మెగాపిక్సెల్ దాకా వస్తాయి, కేబుల్‌లో రాగి మంచిదైతే 150 మీటర్లు పెద్ద దూరం కాదు. ఐపీకి వేసే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ అయితే 100 మీటర్లు దాటితే మధ్యలో స్విచ్ పెట్టాల్సిందే. కానీ డీవీఆర్ కొనేటప్పుడు జాగ్రత్త, చవక వాటిలో 1080ఎన్ అని ఉంటది, అంటే వెడల్పు 1920 కాదు 960 పిక్సెల్సే రికార్డవుతాయి, లైవ్‌లో బాగానే కనపడి తీరా ప్లేబ్యాక్‌లో మొహం పోతది. 5ఎంపీ లైట్ (Lite) అని రాసున్నా అదే కథ.

పటమట_నెట్‌వర్క్:
నేను ఒప్పుకోను. కొత్తగా వేసేవాళ్ళకి ఐపీనే మేలు, పీఓఈ స్విచ్ ఉంటే కరెంటు, వీడియో ఒకే వైర్లో పోతాయి, ప్రతి కెమెరాకి అడాప్టర్ గోల ఉండదు, 8 మెగాపిక్సెల్ కూడా ఈజీ. కాకపోతే డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చకుండా నెట్‌కి తగిలించొద్దు. మీకు కేబుల్ ఉంది కాబట్టి సరే.

లెన్స్_లెక్క:
ఇద్దరూ లెన్స్ మర్చిపోయారు. తెలియని మనిషిని మొహం చూసి పోల్చాలంటే మీటరుకి 250 పిక్సెల్స్ పడాలి. 2.8 ఎంఎం లెన్స్ 10 మీటర్ల దూరంలో 20 మీటర్లకి పైగా వెడల్పు చూపిస్తది, 1920ని దాంతో భాగించండి, వందకి కూడా రాదు. అనలాగ్ అయినా ఐపీ అయినా లెక్క ఇదే. గోడౌన్ లోపల 2.8 పెట్టుకోండి, తలుపు మీద మాత్రం 6 ఎంఎం పెట్టి తలుపు ఒక్కటే పట్టేలా తిప్పండి. గేటుకి వేరే కెమెరా, షటర్ స్పీడ్ మార్చుకునేది కావాలి, లేకపోతే రాత్రి లారీ హెడ్‌లైట్లకి నంబరు ప్లేటు తెల్లగా మాడిపోద్ది. ఇంకోటి, మిర్చి దుమ్ము గ్లాసు మీద పేరుకుంటే కెమెరా ఐఆర్ వెలుగు (చీకట్లో చూడటానికి వేసే, కంటికి కనపడని వెలుగు) వెనక్కి కొట్టి రాత్రంతా మంచు పట్టినట్టుంటది, తుడిపిస్తా ఉండండి.

మిర్చిగోడౌన్_జీఎన్‌టీ:
చాలా థ్యాంక్స్ అండి. అయితే లోపల ఏడూ హెచ్‌డీ అనలాగ్, గేటుకి మధ్యలో స్విచ్ పెట్టి ఒక్క ఐపీ. రెండూ ఒకే డీవీఆర్‌లో పడతాయా? హార్డ్‌డిస్క్ ఎంత కావాలి?

బెజవాడ_వైర్‌మ్యాన్:
హైబ్రిడ్ డీవీఆర్ అడగండి, ఐపీ ఛానెల్ తీసుకుంటది. హెచ్.265లో (వీడియోని కుదించే పద్ధతి) కెమెరాకి 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) పెడితే రోజుకి 43 జీబీ, ఎనిమిదింటికి దాదాపు 345. 2 టీబీ ఆరు రోజులు కూడా రాదు. సరుకు లెక్క మీరు నెలకోసారి చూస్తారంటే 12 టీబీ పెట్టాలి, రోజంతా రికార్డింగ్‌కి చేసిన సర్వైలెన్స్ డిస్కే తీసుకోండి.