60 వేల గేమింగ్ పీసీ: ఏఎం4 మీద కట్టాలా, ఏఎం5కే పోవాలా?

గోదారి_కుర్రాడు

అన్నలకి, అక్కలకి నమస్తే. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు. నాన్న 60 వేలు ఇస్తానన్నారు, ఆ పైన ఒక్క రూపాయి కూడా అడగొద్దని ముందే చెప్పేశారు. ఆడేది ఎక్కువగా వాలరెంట్, సీఎస్2, అప్పుడప్పుడు జీటీఏ 5. సెలవుల్లో సైబర్‌పంక్ 2077 మొదలుపెట్టాలని కోరిక.

రెండు లిస్టులు రాసుకున్నా, ఒకటి ఏఎండీ ప్రాసెసర్ల పాత సాకెట్ ఏఎం4 మీద, ఇంకోటి కొత్త సాకెట్ ఏఎం5 మీద. మొదటిది రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు. రెండోది రైజెన్ 5 8400ఎఫ్, ఏ620 బోర్డు, 16 జీబీ డీడీఆర్5, కార్డు దగ్గరికొచ్చేసరికి డబ్బు చాలక ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. మా క్లాస్‌మేట్ ఏమో ఏఎం4 చచ్చిపోయిన ప్లాట్‌ఫాం, దాని మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే అంటున్నాడు. మీరేమంటారు?

ఓరుగల్లు_బిల్డర్

మొదటి లిస్టే తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. గేమ్ ఆడేది కార్డు, సాకెట్ కాదు. ఆర్‌ఎక్స్ 6600 ముందు 3050 6 జీబీ నిలబడదు. 3050 అని పేరు చూసి మోసపోకు, 2022లో వచ్చిన 8 జీబీ 3050 వేరు, 2024లో వచ్చిన ఈ 6 జీబీది వేరు. మెమరీ బస్‌ని (డేటా వెళ్ళే దారి వెడల్పు) 128 బిట్ నుంచి 96 బిట్‌కి కోశారు, కోర్లు కూడా తగ్గించారు, పేరు మాత్రం అదే ఉంచారు. 70 వాట్లే తాగుతుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు కాబట్టి పాత ఆఫీస్ డబ్బాలో పెట్టుకునేవాళ్ళకి బంగారం లాంటి కార్డు. కొత్తగా కట్టుకునేవాడికి ఎందుకది?

పైగా ర్యామ్ ధరలు చూశావా? 2025 చివర్లో మొదలైన మంట ఇంకా చల్లారలేదు. ఏఐ డేటా సెంటర్ల వాళ్ళు మెమరీ మొత్తం ఊడ్చేస్తుంటే మనకి మిగిలేది ఎంత? డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని ప్రకటించేసింది. ఇలాంటి టైంలో డీడీఆర్5 కొని కార్డుని తగ్గించుకోవడం తెలివి అనిపించుకోదు.

సాకెట్_సుబ్బారావు

బిల్డర్ గారూ, ఈ మాట 2018లో బీ450 బోర్డు కొన్నవాళ్ళ దగ్గర చెప్పండి చూద్దాం. అప్పుడు రైజెన్ 2600 పెట్టుకున్నవాడు నాలుగేళ్ళ తర్వాత బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి అదే బోర్డులో 5600 పెట్టుకున్నాడు, డబ్బున్నవాడు 5800ఎక్స్3డీ పెట్టుకున్నాడు. బోర్డు మారలేదు, ర్యామ్ మారలేదు. సాకెట్ బతికుండటం అంటే అదీ. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది ఏఎం5. 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ పైన కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ వాళ్ళే చెప్పారు.

5600 కొంటే రేపు పైకెక్కడానికి మెట్టు ఏదీ? 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీ రెండూ షాపుల్లో కొత్తవి దొరకడమే గగనం, సెకండ్స్‌లో దొరికితే ఆస్తి రాసివ్వమంటున్నారు. కార్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రెండు స్క్రూలు విప్పితే అయిపోతుంది. బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ ఒకేసారి మార్చాలంటే అది కొత్త పీసీ కిందే లెక్క. కాబట్టి పునాది ఇప్పుడు గట్టిగా వేసుకో, కార్డు తర్వాత చూసుకో.

ఓరుగల్లు_బిల్డర్

>> పునాది ఇప్పుడు గట్టిగా వేసుకో, కార్డు తర్వాత చూసుకో

సుబ్బారావు గారూ, "తర్వాత" డబ్బు ఎవరిస్తారండీ? వాళ్ళ నాన్న ఇంకోసారి అడగొద్దని చెప్పారని కుర్రాడు మొదట్లోనే రాశాడు కదా. ఉద్యోగం వచ్చేదాకా ఇదే పీసీ, ఉద్యోగం వచ్చాక ఈ 8400ఎఫ్ ముఖం ఎవడూ చూడడు, మొత్తం అమ్మేసి కొత్తది కడతాడు. నా దగ్గర పీసీలు కట్టించుకున్న పిల్లల్లో ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకోవడానికి వెనక్కి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. వచ్చేది ర్యామ్ కోసం, స్టోరేజ్ కోసం, కార్డు కోసం.

ఇంకోటి, 8400ఎఫ్ ఏఎం5 సాకెట్‌లో కూర్చుంటుందే గానీ లోపల ల్యాప్‌టాప్ చిప్ సరుకు. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600కి 32. గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే లేన్లు (డేటా దారులు) కూడా ఎనిమిదే. గేముల్లో ఈ రెండిటి మధ్య మీరు ఊహించుకునేంత దూరం లేదు. ఏఎం5లోనే ఉన్న 7500ఎఫ్ ప్రాసెసర్ అన్నా ఒప్పుకునేవాణ్ణి.

సాకెట్_సుబ్బారావు

7500ఎఫ్ అయితే ఇంకా మంచిది, నేను కాదన్నానా? మీరు కట్టిచ్చిన పిల్లలు వెనక్కి రాకపోవడానికి కారణం, వాళ్ళకి వెనక్కి రావడానికి దారి లేని బోర్డులు ఇవ్వడమేమో కూడా చూసుకోండి 🙂

పాతకార్డు_పరమేశం

ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ సెకండ్స్ కార్డు గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఏఎం5 తీసుకుని వాడిన 6600 గానీ, 3060 12 జీబీ గానీ పెట్టుకుంటే ఇద్దరి గొడవా తీరిపోతుంది. క్రిప్టో మైనింగ్‌లో అరిగిన కార్డు అని భయపెడతారు. ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబర్‌లో విధానం మార్చుకోగానే కార్డులతో మైనింగ్ దాదాపు ఆగిపోయింది, అప్పట్లో అరిగినవి ఈపాటికి పోవాల్సినవి పోయాయి, నిలబడినవి నిలబడ్డాయి.

చూసి కొనుక్కోవాలి అంతే. మనిషి ఎదురుగా పీసీలో పెట్టించి ఫర్‌మార్క్ (కార్డుని పూర్తి లోడ్‌లో నడిపే ప్రోగ్రాం) గానీ ఏదైనా గేమ్ గానీ కనీసం అరగంట నడిపించు. మామూలు టెంపరేచర్ ఒక్కటే కాదు, హాట్‌స్పాట్ (చిప్ మీద అన్నిటికంటే వేడిగా ఉండే చోటు) కూడా చూడు. రెండిటి మధ్య తేడా మరీ ఎక్కువుంటే పేస్ట్ ఎండిపోయిందనో, కూలర్ సరిగ్గా కూర్చోలేదనో అర్థం. ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడు, గరగర వస్తే బేరం అక్కడే సగానికి రావాలి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారు. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే ప్రోగ్రాం) తెరిచి పేరుతో పాటు షేడర్ల (కార్డు లోపలి చిన్న కోర్ల) సంఖ్య కూడా చూడు. చాలా చౌకగా ఆర్‌ఎక్స్ 580 8 జీబీ అని తిరిగేవాటిలో ఎక్కువ 2048ఎస్‌పీ రకం, అసలు 580కి 2304 షేడర్లు ఉండాలి.

ఓరుగల్లు_బిల్డర్

580 మాట ఎత్తారు కాబట్టి, అసలుదైనా సరే ఇప్పుడు ఎవరూ కొనొద్దు. 2024 చివర్లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్, రెండిటికీ రే ట్రేసింగ్ (వెలుగు నీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ ఉండి తీరాలి. అది లేని కార్డులకి ఆ గేములు లేనట్టే. ఎన్‌విడియా వాళ్ళు కూడా 1060, 1080 లాంటి పాస్కల్ కార్డులకి కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేశారు.

సెకండ్స్ కొనడం తప్పని నేను అనను. కానీ కాకినాడ కుర్రాడు ఎదురుగా పెట్టి అరగంట నడిపించుకోవాలంటే కంప్యూటర్ మార్కెట్లున్న సికింద్రాబాద్ సీటీసీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో రావాలి. కొరియర్‌లో వచ్చిన పాత కార్డు రెండో వారం పోతే ఎవరిని పట్టుకుంటాడు?

వోల్టేజ్_అక్క

ఇంతసేపటి నుంచి చదువుతున్నా, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై) మాట ఒక్కరి నోటా రాలేదు. అందరూ ప్రాసెసర్ గురించి కొట్టుకుని చివర్లో మిగిలిన వెయ్యి రూపాయలతో "ఏదో ఒక 450 వాట్లది వెయ్యి అన్నా" అంటారు. మొన్న మా పక్కింటి అబ్బాయి డబ్బా విప్పి చూశా. మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంది, పక్కనున్న చిన్న పట్టికలో +12వీ గడిలో 16ఏ అని రాసి ఉంది. పన్నెండుని పదహారుతో గుణిస్తే 192. అంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి అది ఇవ్వగలిగింది 192 వాట్లు, అదీ లేబుల్ నిజం చెప్తే. 6600 ఒక్కటే 132 తాగుతుంది, 5600 లోడ్ మీద 76 దాకా పోతుంది. లెక్క అక్కడే తెగిపోయింది, గేమ్ తెరవగానే పీసీ ఆరిపోతోందని పాపం వాడు విండోస్ మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటున్నాడు.

నువ్వు ఏ లిస్టు తీసుకున్నా 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ (కరెంట్ వృథా తక్కువని ఇచ్చేది) ఉన్న 550 వాట్లది, కనీసం ఐదేళ్ళ వారంటీతో కొను. రేపు కార్డు మార్చినా, సాకెట్ మార్చినా అది మాత్రం నీతోనే వస్తుంది. సుబ్బారావు గారూ, మీరు చెప్పే పునాది అసలు ఇదండీ.

ఇంట్లో ఎర్తింగ్ ఉందా? క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ముందు ఎలక్ట్రీషియన్ని పిలువు. యూపీఎస్ 600 వీఏ అని రాసి ఉన్నా చాలావాటిలో అది 360 వాట్లే, కరెంట్ పోతే గేమ్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే, ఆడుకోవడానికి కాదు.

గోదారి_కుర్రాడు

థ్యాంక్స్ అక్కా, ఎర్తింగ్ ఉంది, ఇల్లు కొత్తదే. అందరూ ఇంత రాస్తారనుకోలేదు. మానిటర్ చెప్పడం మర్చిపోయా, ఇంట్లో పాతది 18.5 అంగుళాలది ఉంది, 1366x768, దాన్నే వాడదామనుకుంటున్నా.

ఓరుగల్లు_బిల్డర్

అయ్య బాబోయ్. ఆ స్క్రీన్ మీద 6600 పెట్టడం దేనికి తమ్ముడూ? సెకనుకి 60 ఫ్రేములే చూపించే తెర అది, వాలరెంట్ లోపల 250 నడుస్తున్నా నీకు కనపడేది 60. ఏడెనిమిది వేలకి 1080పీ, ఐపీఎస్, 100 హెర్ట్జ్ మానిటర్లు వస్తున్నాయి. బడ్జెట్‌లో ముందు దాన్ని రాసి, మిగిలిన దాంట్లో పీసీ కట్టుకో.

సాకెట్_సుబ్బారావు

మానిటర్ విషయంలో బిల్డర్ గారితో ఏకీభవిస్తున్నా, ఇవాళ ఏదో వాన పడేటట్టుంది.

కాకపోతే దానికి ఎనిమిది, అక్క చెప్పిన ఎస్‌ఎంపీఎస్‌కి నాలుగైదు పోతే మిగిలేది 47, 48. అందులో 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన స్టోరేజ్ డ్రైవ్), క్యాబినెట్ తీసేస్తే ఏఎం5 బోర్డు, డీడీఆర్5 కొన్నాక కార్డుకి చిల్లరే మిగులుతుంది, అది నాకూ తెలుసు. ఈ బడ్జెట్‌కి, ఈ నెల ర్యామ్ ధరలకి నువ్వు ఏఎం4 తీసుకున్నా నేను అడ్డు చెప్పను. కానీ ఇది చదివేవాళ్ళలో 80 వేలు ఉన్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు మాత్రం దీన్ని చూసి 5600 కొనేయొద్దు. అక్కడ నా మాట మారదు.

పాతకార్డు_పరమేశం

12 జీబీ ఉన్న ఇంటెల్ ఆర్క్ బీ580 ఎవరూ చెప్పరే? 2026లో 8 జీబీ కార్డు కొనమని సలహా ఇవ్వడానికి మీకు మనసెలా ఒప్పుతోంది?

ఓరుగల్లు_బిల్డర్

కార్డు మంచిదే, జత కుదరదు. బీ580కి ప్రాసెసర్ మీద భారం ఎక్కువ, 5600 లాంటి వాటితో పెడితే చాలా గేముల్లో కార్డు సత్తా సగంలో ఆగిపోతుందని అది వచ్చిన కొత్తలోనే పరీక్షించి తేల్చారు. 190 వాట్లు కూడా. ఇతను ఆడే గేములకి, 1080పీకి, 8 జీబీతో టెక్స్‌చర్లు హై దగ్గర పెట్టుకుంటే గడిచిపోతుంది. అల్ట్రా బటన్ నొక్కకపోతే ప్రాణం ఏమీ పోదు.

కోడింగ్_కోమలి

ఒక్క ప్రశ్న, ఏ బ్రాంచ్? మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు గనక ఉంటే రేడియాన్ తీసుకోకు. ఆర్‌ఎక్స్ 6600కి ఏఎండీ వాళ్ళ ఆర్‌ఓసీఎం (కార్డు మీద ఇలాంటి లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) అధికారికంగా సపోర్ట్ లేదు, అలాంటిదే అయిన క్యూడా కావాలంటే ఎన్‌విడియానే. అప్పుడు పరమేశం గారు చెప్పిన 3060 12 జీబీకే నా ఓటు.

గోదారి_కుర్రాడు

సివిల్ అక్కా. ఆటోక్యాడ్, స్టాడ్ సాఫ్ట్‌వేర్లు అంతే.

కోడింగ్_కోమలి

అయితే 6600 హాయిగా తీసుకో.

గోదారి_కుర్రాడు

ఇవాళ ఇక్కడి షాపులో కొటేషన్ అడిగా. 5600 స్టాక్ లేదు, "5500 సేమ్ సార్, పేరులో నూరు తేడా అంతే" అన్నాడు, రేటు కూడా పదిహేను వందలు తక్కువ. ర్యామ్ ఏమో ఒకటే 16 జీబీ స్టిక్ ఇస్తానంటున్నాడు. హాస్టల్లో సీనియర్ ఒకడు తన పీసీ అమ్మేస్తూ 8+8 డీడీఆర్4 3200 కిట్ మార్కెట్ కంటే బాగా తక్కువకి ఇస్తానన్నాడు. ఏది?

ఓరుగల్లు_బిల్డర్

సేమ్ కాదు. 5500కి క్యాష్ సగమే, పైగా పీసీఐఈ (కార్డుని ప్రాసెసర్‌కి కలిపే దారి) పాత తరం 3.0. ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్ల కార్డు, 4.0లో ఆ ఎనిమిదీ సరిపోతాయి, 3.0లో దారి సగానికి ఇరుకవుతుంది. ఆ పదిహేను వందల కోసం కక్కుర్తి పడకు, ఆన్‌లైన్‌లో 5600 పెట్టెతో సహా తెప్పించుకో, కూలర్ అందులోనే వస్తుంది. సీనియర్ దగ్గర ర్యామ్ కళ్ళు మూసుకుని తీసుకో. రెండు స్టిక్కులు డ్యూయల్ ఛానల్‌లో (ఒకేసారి రెండూ కలిసి) నడుస్తాయి, ఒకే స్టిక్ అయితే వాలరెంట్‌లాంటి ప్రాసెసర్ మీద ఆధారపడే గేముల్లో ఫ్రేములు తగ్గుతాయి.

వోల్టేజ్_అక్క

కళ్ళు మూసుకుని వద్దు, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) ఒక రాత్రంతా నడిపించి తీసుకో. ర్యామ్‌కి ఆ ఒక్క పరీక్ష చాలు.

క్యాబినెట్ ముందు వైపు జాలీ ఉన్నది చూడు. గ్లాస్ మూసేసి మూడు రంగుల ఫ్యాన్లు తిరిగేవి ఫోటోకే బాగుంటాయి, మే నెల కాకినాడ ఉక్కలో లోపల కుమ్మరి ఆవమే.

గోదారి_కుర్రాడు

ఫైనల్ చేశా. 5600, బీ550, సీనియర్ ర్యామ్, కొత్త 6600, 550 వాట్ల బ్రాంజ్, 100 హెర్ట్జ్ మానిటర్. ఎన్‌వీఎంఈ 1 టీబీకి డబ్బు సరిపోక 500 జీబీకి దిగా. సుబ్బారావు గారూ, ఏమీ అనుకోకండి.

సాకెట్_సుబ్బారావు

అనుకోవడానికేముంది, ఆడుకో. కట్టాక మానిటర్ కేబుల్ బోర్డు వెనక కాదు, కార్డు వెనక పెట్టు, 5600కి సొంత గ్రాఫిక్స్ లేదు, బోర్డుకి పెడితే నల్ల తెర చూసి టెన్షన్ పడతావ్. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ స్పీడ్ సెట్టింగ్) ఆన్ చెయ్యకపోతే ఆ 3200 ర్యామ్ తక్కువ స్పీడ్‌లోనే నడుస్తుంది, అక్కడే రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ వాడుకోనిచ్చే సెట్టింగ్) కూడా ఆన్ చేసుకో. వాలరెంట్‌కి విండోస్ 11లో టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 100 హెర్ట్జ్ నువ్వే చేత్తో పెట్టుకోవాలి, చాలామంది కొత్త మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడేస్తుంటారు.