జైరో గురి కుదరాలంటే సెన్సిటివిటీ దించాలా, ఎక్కించాలా?

గురితప్పినోడు: మూడు వారాలుగా స్ప్లటూన్ అనే షూటింగ్ గేమ్‌లో జైరోతోనే (కంట్రోలర్‌ని చేత్తో తిప్పితే ఆ కదలికని పట్టే సెన్సర్) గురిపెట్టి ఆడుతున్నా. దగ్గరివాళ్లు బాగానే పడుతున్నారు. చార్జర్ (ఆటలో దూరం కొట్టే తుపాకి) పట్టుకుని దూరంగా ఉన్నవాణ్ణి కొట్టబోతే మాత్రం వెంట్రుకవాసిలో పక్కనుంచి పోతోంది. మోషన్ సెన్సిటివిటీ, అంటే చెయ్యి కదిలితే గురి ఎంత జరగాలనే సెట్టింగు, -5 నుంచి +5 దాకా ఉంది కదా, నాది +2. ఒక ఫ్రెండు -3కి దించమంటాడు, ఇంకొకడు +4కి ఎక్కించమంటాడు. ఎవరి మాట వినాలి?

నిదానస్తుడు: దించండి, ఆలోచించే పనే లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నా చెయ్యి కొంచెం వణుకుతుంది. కంట్రోలర్ అర డిగ్రీ కదిలితే, సెన్సిటివిటీ రెండు రెట్లున్నప్పుడు తెరమీద గురి ఒక డిగ్రీ జరుగుతుంది. అయిదు రెట్లయితే రెండున్నర. దూరంగా ఉన్నవాడు తెరమీద వేలిగోరంత కూడా ఉండడు, రెండున్నర డిగ్రీలంటే వాడు గురిలో లేనట్టే.

మెరుపుమణికట్టు: లెక్క కరెక్టే, చెయ్యి మాత్రం లెక్కలో లేదు అన్నా. బాగా దించేస్తే పక్కకి తిరగడానికి మణికట్టు మెలిపెట్టాలి. మెలిపడిన మణికట్టే ఎక్కువ వణుకుతుంది! నేను +4లో ఆడతా. మొదటి వారం నరకం, ఆ తర్వాత వేళ్లే నేర్చుకున్నాయి.

పాతకాపు: ఇంత గోల ఎందుకో నాకర్థం కాదు. 2006లో నింటెండో వీ (Wii) గేమ్ కన్సోల్ రిమోట్ వచ్చినప్పుడు తెరవైపు చూపించి నొక్కేవాళ్లం, తగిలేది. సెన్సిటివిటీ గురించి ఎవడూ కొట్టుకోలేదు. జైరో అనేదే తప్పుదారి.

తీగలవాడు: బాబాయ్, రెండూ వేర్వేరు సంగతులు. వీ రిమోట్ ముక్కులో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉండేది. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ పేరుకే సెన్సర్, అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలే. బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడినవాళ్లున్నారు. ఆ దీపాలు కనిపిస్తాయి కాబట్టి తెర ఎక్కడుందో రిమోట్‌కి తెలిసేది. జైరో గుడ్డిది. ఎంత వేగంగా తిరుగుతున్నానో చెబుతుందే తప్ప ఎటు చూస్తున్నానో దానికి తెలియదు. వేగాలన్నీ కూడి కోణం లెక్కేసుకోవాలి, ఆ కూడికలో చిన్న తప్పు పడినా పేరుకుపోతుంది. స్ప్లటూన్‌లో వై బటన్ నొక్కితే కెమెరా మళ్లీ మధ్యకి వస్తుందే, అది ఊరికే పెట్టలేదు.

పాతకాపు: కొవ్వొత్తుల మాట నిజమే, నేనూ పెట్టా. కర్టెన్ ఒక్కటే కాల్లేదు.

మెరుపుమణికట్టు: ఇంకోటి. స్ప్లటూన్‌లో మోషన్ ఆన్ చేస్తే కుడి స్టిక్కు అడ్డంగానే తిప్పుతుంది, పైకీ కిందకీ జైరో పనే. అంటే స్టిక్కుతో దగ్గరదాకా తెచ్చి, చివరి చిటికెడు చేత్తో సర్దాలి. చాలామంది మొత్తం చేత్తోనే లాగేస్తారు, తప్పు అక్కడ. 2022లో ఫోర్ట్‌నైట్ గేమ్ ఫ్లిక్ స్టిక్ అనే పద్ధతి కూడా తెచ్చింది. స్టిక్కు ఎటు తోస్తే చూపు టక్కున అటు మళ్లుతుంది, మిగతాది జైరో చూసుకుంటుంది.

నిదానస్తుడు: ఒప్పుకుంటా. అయితే చివరి చిటికెడు సర్దడానికే కదా జైరో? మరి దానికి తక్కువ సెన్సిటివిటీ చాలు! మీరు నా వాదనే చేస్తున్నారు తమ్ముడూ. పీసీలో నేను స్మూతింగ్ కూడా వేస్తా, వణుకు కనిపించదు.

తీగలవాడు: స్మూతింగ్ వద్దు. గడిచిన క్షణాల కదలికల్ని సగటు చేసి ఇస్తుంది కాబట్టి గురి చేతికంటే వెనకబడుతుంది. ఆగాలనుకున్న చోట చెయ్యి ఆగుతుంది, గురి ఇంకొంచెం జారుతుంది. డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని లెక్కచెయ్యని సెట్టింగు) ఇంకా దారుణం, మనకి కావలసిన ఆ చిటికెడు కదలికనే మింగేస్తుంది.

అసలు ఎవరూ అడగని ప్రశ్న. గురితప్పినోడు గారూ, మీ షాట్లు ఎప్పుడూ ఒకే వైపుకి పోతున్నాయా? వణుకైతే అన్నివైపులా చెదరాలి. కంట్రోలర్ని బల్లమీద పెట్టి, ముట్టుకోకుండా నిమిషంపాటు గురి చూడండి.

గురితప్పినోడు: చూశా. బల్లమీద కదలకుండా పడున్న కంట్రోలర్‌తో గురి మెల్లగా ఎడమకి పాకుతోంది, గోడమీద బల్లిలా! నిజమే, నావన్నీ ఎడమకే పోయేవి. పోయిన నెల కాలిబ్రేషన్ (కదలకుండా ఉండటమంటే ఏమిటో జైరోకి నేర్పే సర్దుబాటు) ఒళ్లో పెట్టుకుని చేసినట్టు గుర్తు. ఇప్పుడు బల్లమీద మళ్లీ చేశా, వైబ్రేషన్ కూడా ఆపేశా. పాకడం ఆగింది.

నిదానస్తుడు: శుభం. ఇప్పుడు -3కి దించండి.

మెరుపుమణికట్టు: +4.

గురితప్పినోడు: +1లో ఉన్నా. పది గేములు ఆడాక చెప్తా, అందాకా తిట్టుకోకండి.