ఇంత ఒళ్లొంచి పనిచేసినా బరువెందుకు పెరుగుతున్నాం? తప్పు తిండిదా, అలసటదా?

లోడింగ్_సెక్షన్

గోడౌన్‌లో సరుకు ఎత్తి దించే పని నాది. అంతకుముందు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఈ పనిలో చేరితే ఒళ్లు దానంతటదే తగ్గుతుందని ఇంట్లో అందరూ అన్నారు. తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎవరికి చెప్పినా ఒకటే మాట, "తిండి తగ్గించుకో" అని. పగలు నిమ్మళంగా కూర్చుని తినడానికే తీరిక లేదు, ఇంక తగ్గించడానికి ఏముంది? ఇంత చెమటోడ్చేవాడు లావెక్కడం ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

కేలరీ_లెక్క

తప్పు తిండిదేనండి. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 300. ఒక పెద్ద తీపి డ్రింకు, దాంతోపాటు నాలుగు బిస్కెట్లు పడ్డాయంటే గంట కష్టం అయిదు నిమిషాల్లో వెనక్కి వచ్చేసినట్టే.

"తక్కువే తింటున్నా, అయినా తగ్గడం లేదు" అనే కొందరిని అమెరికాలో గమనించి 1992లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారని తేలింది. కావాలని దాచారని అనను. నిలబడి తిన్నవి, తాగినవి మనకు గుర్తుండవు. ఒక వారం పాటు నోట్లో పడిన ప్రతిదీ రాసి చూడండి.

ఇనుప_బలం

కొవ్వు కాదేమో? బరువులెత్తే పనిలో కండ పెరుగుతుంది. కండకూ బరువుంటుంది కదా.

లోడింగ్_సెక్షన్

భుజాలు గట్టిపడ్డ మాట నిజమే. కానీ ప్యాంటు నడుము దగ్గరే పట్టడం లేదండి.

రాత్రి_డ్యూటీ_నర్సు

నడుము దగ్గర బిగుతైతే అది కండ అనుకోలేం. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

కేలరీ_లెక్క గారూ, మీ లెక్క తప్పని నేను అనను. కానీ రాబడికీ ఖర్చుకూ సంబంధమే లేనట్టు రాశారు. ఒంట్లో అలా జరగదు. ఒళ్లు అలిసేకొద్దీ ఆకలి మారుతుంది, నిద్ర మారుతుంది, మిగతా రోజంతా మనం ఎంత కదులుతామో అదీ మారుతుంది.

ఖర్చు సంగతే తీసుకోండి. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా ప్రజల మీద హెర్మన్ పాంట్జర్ బృందం చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వాళ్లు మనకన్నా ఎన్నో రెట్లు నడుస్తారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, రోజు మొత్తంలో వాళ్లు ఖర్చు చేసే శక్తి పాశ్చాత్య దేశాల వాళ్ల ఖర్చుతో సమానంగానే వచ్చింది. శ్రమ పెరిగితే శరీరం ఇంకెక్కడో పొదుపు చేస్తుందని పాంట్జర్ వాదన. ఎంత పొదుపు చేస్తుందన్న దానిపై శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఎంత అలిసిపోయామో చూసి ఎంత కొవ్వు కరిగిందో చెప్పలేం. ఎండకు, చప్పుడుకు, నిద్ర చాలకపోవడానికి, పైవాళ్ల టెన్షన్‌కు కూడా ఒళ్లు హూనమవుతుంది. వాటికి పెద్దగా కేలరీలు ఖర్చు కావు.

ఇక ఆకలి. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూసిన పరిశోధన 2004లో వచ్చింది. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పైగా మనసు తీపి మీదికి, పిండి పదార్థాల మీదికి పోయింది. 2022లో వచ్చిన పరిశోధనలో దీన్నే తిరగేశారు. అధిక బరువుండి తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరికి నిద్ర పెంచారు. తిండి గురించి ఏమీ చెప్పలేదు. గంటకు పైగా అదనంగా నిద్రపోయినవాళ్లు, నిద్ర పెంచని వాళ్లతో పోలిస్తే, రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. ఇది కేలరీ_లెక్క గారు చెప్పిన గంట నడకకు దాదాపు సమానం.

లోడింగ్_సెక్షన్ గారూ, మీరు ఎప్పుడు తింటున్నారు, ఇంటికొచ్చాక ఏం చేస్తున్నారు, ఎన్ని గంటలు పడుకుంటున్నారు?

నడక_మిత్రుడు

నర్సు గారు చెప్పింది చదివితే శ్రమ దండగ అని కొందరు అనుకుంటారేమో. అదేం కాదు. జీన్ మేయర్ బృందం పశ్చిమ బెంగాల్‌లో ఒక జూట్ మిల్లు కార్మికులను పరిశీలించి 1956లో ప్రచురించింది. బరువైన పని చేసేవాళ్లు ఎక్కువ తిన్నా సన్నగానే ఉన్నారు. కూర్చుని పనిచేసేవాళ్లు కూడా అలాగే ఎక్కువ తిన్నారు, కానీ లావుగా ఉన్నారు. కదలిక మరీ తగ్గితే ఆకలి దానికి తగ్గట్టు తగ్గదన్నమాట.

కేలరీ_లెక్క

అది ఒక సమయంలో తీసిన లెక్క మాత్రమే. లావుగా ఉన్నవాళ్లు బరువు పని చేయలేక కూర్చునే పనిలోకి మారి ఉండొచ్చు కదా. ఏది ముందో, ఏది వెనుకో దాన్నిబట్టి తేల్చలేం.

లోడింగ్_సెక్షన్

నర్సు గారూ, పొద్దున ఏమీ తినకుండానే బయల్దేరుతాను. మధ్యలో లారీ వస్తే భోజనం పక్కన పెట్టాల్సిందే, అందుకని చేతికందిన బిస్కెట్ ప్యాకెట్, ఒక కూల్ డ్రింక్. ఇంటికొచ్చి కుర్చీలో పడితే మంచినీళ్లు కూడా పిల్లలే తెచ్చివ్వాలి. అసలు భోజనం రాత్రి పదింటికి. అప్పుడు ఎంత తింటున్నానో నాకే తెలియదు. తర్వాత ఫోన్. పడుకునేది అయిదు గంటలు. నిద్రలో గట్టిగా గురక పెడతానని మా ఆవిడ అంటుంది.

రాత్రి_డ్యూటీ_నర్సు

ఆ కుర్చీ సంగతి చిన్నదిగా తీసేయకండి. జేమ్స్ లెవిన్ బృందం 1999లో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా తినిపించింది. ఒకరికి కొవ్వు అర కిలో కూడా పెరగలేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. లేవడం, అటూ ఇటూ తిరగడం, కుదురుగా కూర్చోలేకపోవడం లాంటి చిన్నచిన్న కదలికలు ఎవరిలో పెరిగాయో వాళ్లకే తక్కువ కొవ్వు చేరింది. ఎనిమిది గంటలు మోసి, మిగతా సమయమంతా కదలకుండా పడిపోతే ఆ ఎనిమిది గంటల లాభంలో కొంత అక్కడే పోతుంది. ఇది బద్ధకం కాదు, ఒంట్లో ఓపిక అయిపోవడం. అలాంటివాడికి "ఇంకా వ్యాయామం చెయ్యి" అని చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మీరైతే రాత్రి భోజనం తగ్గించడంతో మొదలుపెట్టొద్దు. పొద్దున కొంచెం ప్రోటీన్ ఉన్న తిండి తినండి, పని మధ్యలో కూర్చుని తినే పావుగంట సంపాదించుకోండి, కూల్ డ్రింక్ బదులు నీళ్లు తాగండి. సాయంత్రం ఇంటికి చేరగానే భోజనం చేసి, ఫోన్ పక్కన పెట్టి త్వరగా పడుకోండి. పగలు కడుపు నిండితే రాత్రి తిండి చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

కేలరీ_లెక్క

నిద్ర గురించి నాకు అభ్యంతరం లేదు. కానీ రాసుకోకపోతే ఆ పదింటి భోజనం తగ్గిందో లేదో ఆయనకు ఎలా తెలుస్తుంది? తనే చెప్పారు, ఎంత తింటున్నారో తెలియదని.

రాత్రి_డ్యూటీ_నర్సు

రాయడం మంచిదే. కాకపోతే పక్కన ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. నడుము కొలత వారానికోసారి చాలు. ఒంట్లో నీటి వల్ల బరువు రోజుకో కిలో అటూ ఇటూ అవుతుంది, దాన్ని పట్టుకుని దిగులు పడొద్దు.

గురక మాత్రం వాయిదా వేయొద్దు. గట్టి గురక ఉండి, పొద్దున లేచినా అలసట తీరకపోతే నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు ఉందేమో డాక్టరు చూడాలి. థైరాయిడ్, షుగర్, రక్తహీనత పరీక్షలు కూడా అప్పుడే అడగండి.

లోడింగ్_సెక్షన్

సూపర్‌వైజర్‌ను భోజనం టైమ్ అడుగుతానండి. ఒప్పుకుంటాడో లేదో తెలియదు. డాక్టరు దగ్గరికి ఈ సెలవు రోజునే వెళ్తాను, గురక సంగతి చెప్పడానికి మా ఆవిడను కూడా తీసుకెళ్తాను.