ఇరవైల్లో ఉన్నవారికి ఏ క్రూయిజ్ కంపెనీ సరిపోతుంది?

తొలియాత్ర:

నమస్కారం. నాకు 26 ఏళ్లు, మా తమ్ముడికి 20 ఏళ్లు. ఇద్దరికీ ఇది మొదటి క్రూయిజ్. వారానికి మించి సెలవు దొరకదు కాబట్టి కరీబియన్ సముద్రమో మధ్యధరా సముద్రమో ఏదో ఒకటి చూద్దామనుకున్నాం కానీ, అంతకంటే ముందు కంపెనీని ఎంచుకోవడం దగ్గరే ఆగిపోయాం. ఏ కంపెనీ ప్రకటన చూసినా ఈత కొలను చుట్టూ పాతికేళ్లవాళ్లే నవ్వుతూ కనిపిస్తారు. తీరా మాకు తెలిసిన ఒక జంట పన్నెండు రాత్రుల ప్రయాణానికి వెళితే, భోజనాల బల్ల దగ్గర మిగిలినవారంతా అరవై దాటినవారేనట. వాళ్లు ఎంతో ఆప్యాయంగా మాట్లాడేవారట గానీ, రాత్రి పదింటికల్లా ఓడంతా సద్దుమణిగిపోయేదట. మరో స్నేహితురాలు మార్చి నెలలో నాలుగు రాత్రుల ప్రయాణం చేసి వచ్చి, తెల్లవారుజామున మూడింటికి కూడా క్యాబిన్ బయట కేకలు ఆగలేదని చెప్పింది.

మాకు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండేది కావాలి. రాత్రిపూట కాసేపు సంగీతం, నృత్యం, పగలు ఊళ్లు చూసే తీరిక, మాట కలపడానికి మా వయసువారు కొందరు ఉంటే చాలు. తమ్ముడికి మాత్రం ఒళ్లు అలిసే ఆటలేవైనా ఉండాలి. నాకు ఒక మూల కూర్చొని చదువుకునే చోటు ఉండాలి. ఏ కంపెనీని ఎంచుకోమంటారు?

అలలవెంట:

మీ పరిచయస్తుల జంటకూ మీ స్నేహితురాలికీ ఎదురైన అనుభవాలకు కంపెనీ పేరు కంటే రాత్రుల సంఖ్య, ప్రయాణించిన నెల ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ఇప్పటివరకు తొమ్మిది ప్రయాణాలు చేశాను. ఒకే కంపెనీ ఓడలో నాలుగు రాత్రుల ప్రయాణంలో చూసిన జనానికీ, పద్నాలుగు రాత్రుల ప్రయాణంలో చూసిన జనానికీ పోలికే లేదు. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఉద్యోగంలో కొత్తగా చేరినవారికి సెలవులు తక్కువ కాబట్టి వారు మూడు నుంచి అయిదు రాత్రుల ప్రయాణాలను ఎంచుకుంటారు. పది రాత్రులు దాటాక ఉద్యోగ విరమణ చేసినవారు పెరుగుతూ పోతారు. ఏడు రాత్రులంటే అన్ని వయసులవారూ కలిసి ఉంటారు.

ఇక నెల సంగతి. మార్చిలో అమెరికా విశ్వవిద్యాలయాలకు వసంతకాలపు సెలవులు ఉంటాయి కాబట్టి, ఫ్లోరిడా, టెక్సాస్ రేవుల నుంచి బయలుదేరే చిన్న ప్రయాణాలు విద్యార్థులతో నిండిపోతాయి. మీ స్నేహితురాలు విన్న కేకలు అవే కావచ్చు. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, మళ్లీ క్రిస్మస్ రోజుల్లో పిల్లలున్న కుటుంబాలు ఎక్కువ. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆ రోజుల్లో ఓడలో సగటు వయసు తక్కువగానే ఉంటుంది కానీ, అది పదేళ్ల పిల్లల వల్ల తగ్గిన సగటే తప్ప పాతికేళ్లవాళ్ల వల్ల తగ్గింది కాదు. పిల్లలకు బడులు నడుస్తున్నప్పుడు, అంటే మేలోనో సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో వెళ్లగలిగితే మీరు కోరుకునే మధ్యస్థపు వాతావరణం దొరికే అవకాశం ఎక్కువ. అయితే అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలం కాబట్టి, ఆ నెలల్లో కరీబియన్ వైపు వెళితే చివరి నిమిషంలో రేవులు మారవచ్చని ముందే మనసులో పెట్టుకోవాలి.

వసంతంలోనూ శరదృతువులోనూ ఓడలను ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి తరలిస్తారు. రోజుకు పడే ఖర్చు చూస్తే ఆ ప్రయాణాలు ఎంతో చౌకగా కనిపించి ఊరిస్తాయి. అయితే వరుసగా ఆరేడు రోజులు నీళ్లు తప్ప మరేమీ కనిపించని ఆ ప్రయాణాలను ఇష్టపడేవారు ఎక్కువగా పెద్దవయసువారే.

ఈ రెండూ తేలాకే కంపెనీ. మీ తమ్ముడిగారి కోరికకు రాయల్ కరీబియన్ బాగా సరిపోతుంది. ఆ కంపెనీ పెద్ద ఓడల్లో కృత్రిమ అలల మీద సర్ఫింగ్ చేసే ఏర్పాటూ, ఎక్కడానికి గోడా ఉంటాయి. 2024లో వచ్చిన ఐకన్ ఆఫ్ ది సీస్‌లో పూర్తిగా నిండితే సుమారు 7,600 మంది ప్రయాణికులు పడతారు. అంతమందిలో మీ వయసువారు కచ్చితంగా ఉంటారు గానీ వాళ్లను వెతుక్కోవడమే పెద్ద పని. అదే ఏడాది వచ్చిన యుటోపియా ఆఫ్ ది సీస్‌ను మొదటి నుంచీ మూడు, నాలుగు రాత్రుల ప్రయాణాలకే నడిపారు. కార్నివాల్ వాతావరణం ఇంకాస్త సందడిగా ఉంటుంది. 2021లో ఆ కంపెనీ ప్రవేశపెట్టిన మార్డి గ్రా అనే ఓడ మీద రోలర్ కోస్టర్ కూడా ఉంది. దాని ఓడల్లో చాలావాటిలో సెరెనిటీ అనే పెద్దలకు మాత్రమే పరిమితమైన డెక్కు (ఓడలోని అంతస్తు) ఉంటుంది, అదనపు రుసుము ఉండదు. మీ పుస్తకానికి అది మంచి చోటు. హాలండ్ అమెరికా ఓడల్లో నిదానం ఎక్కువ. క్వీన్ మేరీ 2 లాంటి కునార్డ్ ఓడల్లో కొన్ని సాయంత్రాలు సూటూ బూటూ వేసుకోవాలి. మొదటి ప్రయాణానికి ఆ రెండింటినీ నేను సూచించను. అయినా బాల్‌రూమ్ నృత్యం నేర్చుకోవాలని ఉన్న ఇరవై అయిదేళ్ల మనిషికి కునార్డ్ కంటే మంచి చోటు లేదని కూడా అంటాను.

రెండోడెక్కు:

పై జవాబులో వర్జిన్ వాయేజెస్ పేరే లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. 18 ఏళ్లు నిండనివారిని ఆ కంపెనీ ఓడ ఎక్కనివ్వదు. 2021లో స్కార్లెట్ లేడీ అనే ఓడతో మొదలైంది. ఒక్కో ఓడలో దాదాపు 2,770 మందికి చోటు ఉంటుంది కాబట్టి రెండో రోజుకే తెలిసిన ముఖాలు కనిపిస్తాయి. పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడే బఫే ఉండదు. ఇరవైకి పైగా ఉన్న భోజనశాలలన్నీ టికెట్టులోనే వస్తాయి. సూటు వేసుకోవాల్సిన సాయంత్రాలు లేవు. ఒక రాత్రి మాత్రం అందరూ ఎరుపు రంగు దుస్తులు వేసుకుని ఈత కొలను దగ్గర చేరతారు. ఓడ మీదే పచ్చబొట్టు వేసే దుకాణం కూడా ఉంది. దాని జోలికి వెళ్లే ముందు ఒక రాత్రి నిద్రపోయి ఆలోచించమని నా సలహా. ఆ కంపెనీ మధ్యధరా ప్రయాణాల్లో కొన్నింటిలో ఓడ నృత్యశాలలకు పేరుపడ్డ స్పెయిన్ దీవి ఇబీసాలో రాత్రంతా ఆగుతుంది. నృత్యం కావాలనుకునేవారికి అంతకంటే ఏం కావాలి?

అయితే రెండు విషయాలు దాచకుండా చెప్పాలి. అక్కడ ఉండేదంతా పాతికేళ్లవాళ్లే కాదు, ముప్పైల నుంచి యాభైల దాకా ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. పైగా సర్ఫింగ్ అలలూ నీటి జారుడు బల్లలూ ఉండవు కాబట్టి మీ తమ్ముడిగారు మొహం ముడుచుకోవచ్చు. మరో మాట, 'పెద్దలకు మాత్రమే' అన్న ముక్క చూసి మోసపోకండి. వైకింగ్ సముద్రయాన ఓడల్లోనూ 18 ఏళ్లలోపువారికి ప్రవేశం లేదు, పీ అండ్ ఓ కంపెనీ వారి ఆర్కేడియా, అరోరా ఓడలూ అంతే. కానీ అవి ప్రశాంతత కోరుకునే పెద్దవయసువారి కోసం నడిచేవి. పిల్లలు లేనంతమాత్రాన యువకులు ఉంటారని కాదు.

పాతసిబ్బంది:

ఆరేళ్లపాటు ఒక కంపెనీ ఓడల్లో వినోద కార్యక్రమాల విభాగంలో పనిచేశాను. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పై ఇద్దరూ చెప్పినది నిజమే గానీ, లోపలి నుంచి చూసినవారికి మాత్రమే కనిపించే రెండు మూడు సంగతులు చెబుతాను.

మధ్యధరా సముద్రంలో ఎంఎస్‌సీ, కోస్టా వంటి కంపెనీల ఓడలు గుండ్రంగా ఒకే దారిలో తిరుగుతూ, దారిలోని చాలా రేవుల్లో కొత్త ప్రయాణికులను ఎక్కించుకుంటాయి. ఒకరు బార్సిలోనాలో ఎక్కితే మరొకరు మార్సేలో, ఇంకొకరు జెనోవాలో ఎక్కుతారు. అంటే మీకు మూడో రోజు అయినది ఎదుటివారికి మొదటి రోజు, మరొకరికి చివరి రోజు. ప్రకటనలు నాలుగైదు భాషల్లో వినిపిస్తాయి. ఊళ్లు చూడడానికి అది చక్కని ఏర్పాటే కానీ, మీ వయసువారితో ఒక జట్టుగా కలిసి తిరగాలని ఉంటే మాత్రం అందరూ ఒకే రేవులో ఎక్కి ఒకే రేవులో దిగే ప్రయాణం ఎంచుకోండి. నేను చూసినంతవరకు ఓడ మీద స్నేహాలన్నీ మొదటి రెండు రాత్రుల్లోనే కుదురుతాయి. మొదటి సాయంత్రం ఒంటరిగా వచ్చినవారికీ యువతకూ పరిచయ కార్యక్రమం పెడతారు. 'రేపు వెళదాంలే' అనుకున్నవారు ఆ తర్వాత వారమంతా ఒంటరిగా తిరగడం ఎన్నోసార్లు చూశాను. పద్నాలుగు రాత్రుల ప్రయాణాల్లో రాత్రి పదకొండింటికి నృత్యశాల తెరిచి, మేమూ సంగీతం పెట్టే అతనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్న రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు వచ్చిన ఇద్దరు ముగ్గురు యువకుల మీద మాకు జాలి వేసేది.

నిద్ర సంగతికి వస్తే, సందడి ఉన్న ఓడలో కూడా ప్రశాంతంగా పడుకోవచ్చు. క్యాబిన్ పైనా కిందా కూడా క్యాబిన్లే ఉండేలా డెక్కుల పటం చూసి ఎంచుకోవాలి. నృత్యశాల పైన గానీ, తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే ఈత కొలను డెక్కు కింద గానీ ఉన్న క్యాబిన్ వద్దు. తక్కువ ధర కోసం క్యాబిన్ ఎంపికను కంపెనీకే వదిలేసే పథకంలో ఈ వీలు ఉండదు. ఓడ మధ్యభాగంలో కింది డెక్కుల్లో ఊపు తక్కువగా తెలుస్తుంది కాబట్టి, మొదటి ప్రయాణానికి అదే మేలు.

ఒంటరిగది:

అందరూ ఓడల గురించి చెప్పారు గానీ తమ్ముడిగారి వయసును ఎవరూ పట్టించుకోలేదు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ప్రయాణాలకు రాయల్ కరీబియన్, నార్వేజియన్ కంపెనీల నియమం ప్రకారం, 21 ఏళ్లు నిండనివారితో ఆ వయసు దాటిన పెద్దవారు తోడుండాలి. కార్నివాల్ అయితే తోడు వచ్చేవారికి 25 ఏళ్లు నిండి ఉండాలంటుంది. మీకు 26 కాబట్టి ఇద్దరూ ఒకే క్యాబిన్‌లో ఉంటే ఇబ్బంది లేదు, వేరువేరు క్యాబిన్లు అనుకుంటే మాత్రం బుకింగ్ దగ్గరే ఆగిపోవచ్చు. లెక్కలోకి తీసుకునేది ఓడ బయలుదేరే రోజుకు ఉన్న వయసునే గానీ బుకింగ్ నాటి వయసును కాదు. రాయల్ కరీబియన్ ఐరోపా ప్రయాణాల్లో ఈ పరిమితి 18 ఏళ్లే. మద్యం విషయంలోనూ అంతే, అమెరికా నుంచి వెళితే 21, ఐరోపా నుంచి వెళితే 18. మీ తమ్ముడిగారు తాగుతారని అనడం లేదు. మద్యం అమ్మే చోట్ల కొన్నింటికి ఆయన్ను రానివ్వకపోతే మీరూ బయటే నిలబడాల్సి వస్తుందని చెబుతున్నాను.

పానీయాల ప్యాకేజీ కొనే ముందు ఒక నియమం చదవండి. ఒక క్యాబిన్‌లో ఒకరు కొంటే, తాగే వయసున్న రెండోవారూ కొనితీరాలని చాలా కంపెనీలు పట్టుబడతాయి. టికెట్టు ధరలో కనిపించని రోజువారీ టిప్పులు, ఇంటర్నెట్టు, రేవుల్లో పర్యటనలు అన్నీ కలిపి కాగితం మీద వేసుకున్నాకే రెండు కంపెనీలను పోల్చండి. పైకి చౌకగా కనిపించినది చివరికి అలా మిగలకపోవచ్చు.

మీకు అవసరం లేకపోయినా, ఇది చదివే ఒంటరి ప్రయాణికుల కోసం ఒక మాట. క్యాబిన్ ధర ఇద్దరికని లెక్కకడతారు కాబట్టి ఒక్కరే వెళితే దాదాపు ఇద్దరి రుసుమూ కట్టాల్సి వస్తుంది. నార్వేజియన్ కంపెనీ 2010లో ఎపిక్ ఓడలో ఒక్కరికే సరిపోయే 128 చిన్న గదులనూ, ఆ గదులవారు మాత్రమే కలుసుకునే ఒక హాలునూ ఏర్పాటు చేసింది. గది సుమారు 100 చదరపు అడుగులే. నేను అందులో వారం ఉన్నాను. గదిలో గడిపిన సమయం కంటే ఆ హాలులో గడిపినదే ఎక్కువ.

తొలియాత్ర:

అందరికీ కృతజ్ఞతలు. కంపెనీని వెతకబోయి, అసలు తేల్చుకోవాల్సింది నెలా సముద్రమూ అని అర్థం చేసుకున్నాం. తమ్ముడి వయసును బట్టి మధ్యధరా సముద్రానికే ఓటు వేశాం. సెప్టెంబరు చివరి వారంలో ఏడు రాత్రులు. ఇక మిగిలినవి రెండే, రాయల్ కరీబియన్ లేదా వర్జిన్. సర్ఫింగ్ లేని ఓడ ఎక్కనని తమ్ముడు అంటున్నాడు, ఇబీసాలో రాత్రంతా ఆగుతుందని చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. ఈ రెండింటిలో తేల్చుకోవడానికి ఇంకేం చూడాలి?

పాతసిబ్బంది:

రెండు ప్రయాణాల పట్టికలనూ పక్కపక్కన పెట్టి, ఒక్కో రేవులో ఓడ ఎన్ని గంటలు ఆగుతుందో లెక్కపెట్టండి. పట్టికలో 'రోమ్' అని రాసినా ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ దాదాపు 70 కిలోమీటర్లు ఉంటుంది. సాయంత్రం ఆరింటికి బయలుదేరే ఓడ అయితే, రాకపోకలు పోగా ఊరు చూడడానికి మిగిలేది అయిదారు గంటలే. ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి. రాత్రి దాకా ఆగే రేవులు ఏ పట్టికలో ఎక్కువ ఉంటే దానికే నా ఓటు. ఓడ మీది నృత్యశాల ఎంత బాగున్నా, ఊరి వీధుల్లో గడిపిన రాత్రికి సాటి రాదు.

వీసా అవసరమైనవారైతే ఇంకొకటి చూసుకోండి. దారిలో టర్కీలోని కుషాదాసి వంటి రేవు ఉంటే ఓడ షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధి దాటి మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి, ఒకసారి మాత్రమే ప్రవేశించనిచ్చే వీసా సరిపోదు. బయానా కట్టకముందే అది చూసుకోవాలి.

తొలియాత్ర:

లెక్కపెట్టాం. ఇబీసా ఉన్న పట్టికలోనే రేవుల్లో గడిపే సమయం తొమ్మిది గంటలు ఎక్కువగా తేలింది. సర్ఫింగ్ సంగతి వచ్చే ఏడాది చూసుకుందామని తమ్ముడిని ఒప్పించాను. మొదటి సాయంత్రం పరిచయ కార్యక్రమానికి ఇద్దరం తప్పకుండా వెళతాం.