మూడు నిమిషాల ప్రార్థనతో బతుక్కి అర్థం తెలుస్తుందా?

మిల్లు గుమాస్తా (పాలకొల్లు):
అందరికీ వందనాలు. నేను రైసు మిల్లులో పద్దులు రాస్తాను. ఉదయం షట్టరు ఎత్తే ముందు ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కసారి, తొందరపడకుండా చెప్పుకోవడం తప్ప నాకు వేరే ప్రార్థనా జీవితం లేదు. రెండేళ్ల క్రితం ఒకనాడు "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" (మత్తయి 6:11) అనే చోట నోరు ఆగిపోయింది. అక్కడ "నా" అని లేదు, "మా" అని ఉంది. బయట బస్తాల మీద కూర్చుని శనివారం కూలి కోసం రాత్రి దాకా ఎదురుచూసే జట్టువాళ్లు కూడా ఆ "మా"లో ఉన్నారని అప్పుడే తోచింది. అప్పటి నుంచి వారి లెక్క మధ్యాహ్నానికే తేల్చి, యజమానిగారి సంతకం తీసుకుని, చీకటి పడకముందే డబ్బు వారి చేతిలో పెడుతున్నాను. నేను ఎందుకు బతుకుతున్నానో నాకు తెలిసింది ఆ కాగితాల దగ్గరే. ఇది ప్రార్థన ఫలమేనా?

వశిష్ఠ తీరం (నరసాపురం):
తమ్ముడూ, కూలి వేళకు ఇవ్వడం మంచి పనే, కానీ అది నిజాయితీ గల గుమాస్తాతనం. దాన్ని ప్రార్థన ఫలమంటే రేపు ప్రతి మంచి అలవాటునూ ప్రార్థన ఖాతాలో వేయవలసి వస్తుంది. 1836లో ఈ దేశానికి వచ్చి మన గోదావరి డెల్టాలో సేవ చేసిన మిషనరీలు బౌడెన్, బీర్ గార్లు మూడు నిమిషాలు చెప్పుకుని షట్టరు ఎత్తి ఉంటే ఇక్కడ మన బ్రదరెన్ సంఘ సహవాసాలు నిలిచేవి కావు. 1938లో రాజమహేంద్రవరంలో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు మన సహవాసానికి చెందినవారు కాకపోయినా, దేవుని సన్నిధిలో కనిపెట్టడం, అంటే ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండడం గురించే జీవితమంతా బోధించారు. కనిపెట్టడానికి కాలం కావాలి, ఉపవాసం కావాలి, నలుగురు కూడాలి. పొయ్యి దగ్గరా గల్లాపెట్టె దగ్గరా గొణుక్కునేది మనసుకు ఊరట మాత్రమే.

కొబ్బరాకు (అమలాపురం):
"వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని ఆ అధ్యాయంలోనే నాలుగు వచనాల ముందు ఉందండి.

పాత ప్రతి (రాజమహేంద్రవరం):
ఒక సంగతి గమనించాలి. "అనుదిన" అని మనం చదివే చోట ఉన్న గ్రీకు మాట కొత్త నిబంధనలో ఈ ప్రార్థనలో తప్ప, అంటే మత్తయిలోనూ లూకాలోనూ తప్ప, మరెక్కడా లేదు. "నేటికి సరిపడేది" అని కొందరు, "రేపటిది" అని కొందరు అర్థం చెబుతారు. బైబిలును లాటినులోకి అనువదించిన జెరోమ్ లూకాలో "అనుదిన" అనే అర్థాన్నే ఉంచి, మత్తయిలో మాత్రం భౌతికానికి మించిన ఆహారమనే అర్థమిచ్చే మాట వేశాడు.

వశిష్ఠ తీరం:
చూశారా? మత్తయిలో ఉన్నది ఆత్మీయాహారమైతే శనివారం కూలి లెక్కకు ఆ వచనంలో చోటే లేదు.

మిల్లు గుమాస్తా:
అయ్యా, నేను ఆగింది "అనుదిన" దగ్గర కాదు, "మా" దగ్గర.

వశిష్ఠ తీరం:
మాట అర్థమే తేలనప్పుడు ఎక్కడ ఆగితే ఏమిటి?

లేసుదారం (నరసాపురం మండలం):
గ్రీకు సంగతి నాకు తెలియదు గాని, "పొయ్యి దగ్గర గొణుక్కునేది" అన్న మాట దగ్గర నేనూ ఆగిపోయాను. మా అమ్మ లేసు అల్లేది. దారం మాయకుండా ఒడిలో పాత తెల్ల పంచె పరచుకుని, వాకిట్లో వెలుగు ఉన్నంతసేపూ సూది ఆడించేది. పెదవులు కదులుతుంటే కుట్లు లెక్కపెడుతోందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒకరోజు దగ్గరగా కూర్చుంటే నా పేరు వినబడింది, ఆ తర్వాతి వరుసలో, మాకు అప్పిచ్చి వీధిలో నిలబడి అరిచి వెళ్లిన మనిషి పేరు కూడా అదే గొంతుతో వినబడింది. నాన్న మంచం పట్టినప్పుడు మా కూడికలోని పెద్దలు వచ్చి, ఈ ఇంట్లో ప్రార్థన చాలడం లేదని ఆమె ముందే అన్నారు. ఆమె వారికి టీ ఇచ్చి మళ్లీ సూది పట్టుకుంది.

వశిష్ఠ తీరం:
అమ్మా, ఎవరో అన్నదానికి నన్ను ముద్దాయిని చేయవద్దు. అంత భక్తురాలు కూడికకు వచ్చి ప్రార్థించవలసింది.

లేసుదారం:
నలభై ఏళ్లు వచ్చింది, పెద్దాయనగారూ! ముసుగు వేసుకుని చాప మీద కూర్చుంది. స్త్రీలు మౌనంగా ఉండాలన్నది మన కూడికల నియమమే కదా, ఒక్కనాడైనా అక్కడ ఆమె గొంతు ఎవరైనా విన్నారా? నోరు తెరవనిచ్చిన చోటు లేసు దగ్గర ఒక్కటే అయితే, దాన్ని గొణుగుడు అంటున్నారు. మీకు గుమాస్తాగారి మూడు నిమిషాలు కాదు, మీరు వినని ప్రార్థన ఏదైనా లెక్కలోకి రాదు.

కొబ్బరాకు:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు.

వశిష్ఠ తీరం:
కోపంగా రాశారు, అయినా జవాబు చెబుతాను. మా అబ్బాయి కూడా ఇంట్లోనే చెప్పుకుంటానని అంటూ మందిరానికి రావడం మానేశాడు. ఇంటి ప్రార్థన చాలని మీరంతా ఒప్పేసుకుంటే శుక్రవారం రాత్రి తలుపు తీసేది ఎవరి కోసం? ఒకప్పుడు చాపలు చాలేవి కావు. ఇప్పుడు ప్రార్థించేవాళ్లం ఇద్దరమే మిగిలాం.

లేసుదారం:
కూర్చునేది ఎంతమంది?

వశిష్ఠ తీరం:
ఆరుగురం. మిగతా నలుగురూ స్త్రీలు.